అరుగు మీది ఆటలకు కొలమానం

పల్నాడు నాపరాయికి పేరుపడ్డ నేల. ఇక్కడ ఎన్నో ఇళ్ల నేలకూ అరుగుకూ ఆ రాయే పరుస్తారు. నున్నటి ఆ పలక మీద సుద్దముక్కతో నాలుగు గీతలు గీస్తే ఆట సిద్ధం. పులి-మేక, దాడి, అష్టా చెమ్మా, ఈ మూడింటికీ కొనవలసిన వస్తువంటూ ఏదీ లేదు. గులకరాళ్లు, చింతపిక్కలు, గవ్వలు ఉంటే చాలు. వామన గుంటలకు చెక్క పీట దొరకకపోతే మట్టిలో పద్నాలుగు గుంటలు చేసుకుని ఆడుకోవచ్చు.

ఇంత దగ్గరి ఆటలను కొలిచి చూసే అలవాటు మాత్రం మనకు లేదు. తెలివి ఆటలనీ అదృష్టం ఆటలనీ రెండు కుప్పలు పోసి ఊరుకుంటాం. ఆటను శాస్త్రీయంగా పరిశీలించాలంటే కనీసం మూడు ప్రశ్నలు వేయాలి. ఫలితంలో అదృష్టం వాటా ఎంత? ఆట ఎంత కష్టం? కొత్తవారికి ఎంత సులువుగా నేర్పగలం? ఈ మూడింటికీ వేర్వేరు జవాబులుంటాయి. వాటన్నిటినీ కలిపి ఒక్క మార్కు వేస్తే ఏ ప్రశ్నకూ జవాబు దొరకదు. ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. అదృష్టం కొత్తవారిని ఆటలోకి రప్పిస్తుంది, కానీ వారు నేర్చుకోవడాన్ని ఆలస్యం చేస్తుంది. ఈ వ్యాసంలో నేను నిరూపించదలచినది ప్రధానంగా ఇదే.

అదృష్టానికి ఒక చివర వైకుంఠపాళి ఉంది. పందెం ఎంత పడితే అన్ని గళ్లు నడవాలి. ఆడేవారికి ఎంపిక అనేదే లేదు కనుక తాతకూ మనవరాలికీ గెలుపు అవకాశం సమానం. రెండో చివర చదరంగం, పులి-మేక, దాడి, వామన గుంటలు ఉన్నాయి. వీటిలో జరిగేదంతా ఇద్దరి కళ్ల ముందే జరుగుతుంది. పందెం వేయడం గానీ ముక్కలు దాచడం గానీ లేదు. ఈ రెండు చివరల నడుమ నిలిచిన ఆటల్లోనే గణితానికి ఎక్కువ పని. వాటిలో తెలుగువారికి బాగా తెలిసినది అష్టా చెమ్మా.

ఈ ఆటకు నిలువుకు ఐదు, అడ్డంగా ఐదు, మొత్తం 25 గళ్లు. ఒక్కొక్కరికి నాలుగు కాయలు. కాయ బయటి 16 గళ్లు చుట్టి, లోపలి 8 గళ్లు తిరిగి, నడిగడిలో పండాలి. పందెం నాలుగు గవ్వలతో వేస్తారు. వెల్లకిలా పడిన గవ్వలు ఎన్నయితే పందెం అంత. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్టా, అంటే ఎనిమిది. ఈ రెండు పందేలకూ మళ్లీ వేసే అవకాశం ఉంటుంది.

గవ్వ వెల్లకిలా పడడానికీ బోర్లా పడడానికీ సమాన అవకాశం ఉందనుకుందాం. అప్పుడు నాలుగు గవ్వలు పడే తీరులు 16. వాటిలో ఒకటి పడేవి 4, రెండు పడేవి 6, మూడు పడేవి 4, చెమ్మా 1, అష్టా 1. పందెం సగటు 2.5. కాయ తన ఇంటి నుంచి నడిగడి చేరడానికి 24 అడుగులు, నాలుగు కాయలకూ కలిపి 96. ప్రత్యర్థి కాయ తన గడిలో దిగడం వల్ల ఒక్క కాయా చావకుండా నడిచినా సుమారు 38 పందేలు పడాలి. ఒక్క పందెం చూస్తే అది సగటు నుంచి అటూ ఇటూ తప్పే ప్రామాణిక విచలనం సగటులో 66 శాతం. అదే 38 పందేల మొత్తానికి లెక్క కడితే 11 శాతానికి దిగుతుంది. పందేల సంఖ్య పెరిగేకొద్దీ అదృష్టం తనను తాను సరిచేసుకుంటుందన్న మాటకు అర్థం ఇదే. పొట్టి ఆటలో అదృష్టం ఎక్కువగానూ పొడుగాటి ఆటలో తక్కువగానూ కనిపించడానికి ఇదే కారణం.

అదృష్టాన్ని తగ్గించే ఇంకో సంగతి ఆడేవారి ఎంపిక. పందెం పడ్డాక నాలుగు కాయల్లో దేన్ని నడపాలో వారే తేల్చుకోవాలి. ప్రత్యర్థి కాయ వెనక ఉంటే దానికి ఎంత దూరంలో నిలబడాలి? రెండు గళ్ల దూరంలో నిలిచిన కాయ తర్వాతి వంతులో చావడానికి 16లో 6 వంతుల అవకాశం ఉంది. ఒక గడి, మూడు గళ్ల దూరాలకు 16లో 4. నాలుగు గళ్ల దూరానికి 16లో 1. ఐదు గళ్ల దూరంలో ఉన్న కాయను చంపాలంటే ముందు చెమ్మా, వెంటనే ఒకటి పడాలి. దాని అవకాశం 64లో 1 మాత్రమే. రెండు గళ్ల దూరం నుంచి ఐదు గళ్ల దూరానికి జరిగితే ప్రమాదం ఇరవై నాలుగో వంతుకు పడిపోతుంది. ఇది తెలిసినవారికీ తెలియనివారికీ ఒకే గవ్వలు పడినా ఒకే ఫలితం రాదు.

అసలు గవ్వ నాణెం లాంటిది కాదు. దాని వీపు గుండ్రన, నోటివైపు చదును. రెండు వైపులా సమానంగా పడాలన్న నియమం దానికి లేదు. ఒక జత గవ్వలు వెల్లకిలా పడే అవకాశం 40 శాతమే అనుకోండి. అప్పుడు అష్టా సుమారు 13 శాతం సార్లు పడుతుంది, చెమ్మా రెండున్నర శాతం పైచిలుకు మాత్రమే. ఒకటి, రెండు పందేల అవకాశాలు సమానమైపోతాయి, మూడు బాగా తగ్గుతుంది. పైన చెప్పిన దూరాల లెక్క మొత్తం మారిపోతుంది. ఒక వైపు అరగదీసిన చింతపిక్కలకు ఇంకో లెక్క. కనుక ఏ ఇంటి గవ్వలు ఆ ఇంట్లోనే కొన్ని వందల సార్లు వేసి రాసుకోవాలి. ఎనిమిదో తరగతి పిల్లలకు సంభావ్యత నేర్పడానికి ఇంతకంటే మంచి ప్రయోగశాల పరికరం నాకు తెలియదు.

ఇలాంటి లెక్క పాత కథల్లోనూ కనిపిస్తుంది. భారతంలోని నలోపాఖ్యానంలో అయోధ్య రాజు ఋతుపర్ణుడు తాండ్రచెట్టు రెండు కొమ్మలను చూసి ఆకులూ కాయలూ లెక్క చెప్పేస్తాడు. జూదంలో పాచికల రహస్యమూ అతనికే తెలుసు. ఈ రెండు విద్యలనూ ఒకే మనిషికి కట్టబెట్టిన ఆ కథ చెప్పినవారికి కొద్దిని చూసి మొత్తాన్ని అంచనా వేయడానికీ పందేనికీ ఉన్న చుట్టరికం తెలిసే ఉంటుందని నేను నమ్ముతాను.

అదృష్టం ఎంత ఉందన్నదానితో పాటు ఎప్పుడు వస్తుందన్నదీ చూడాలి. అష్టా చెమ్మాలో పందెం ముందు, నిర్ణయం తర్వాత. పడిన పందేన్ని చూసుకుని మనిషి తన తెలివి కొద్దీ సర్దుకుంటాడు. నిర్ణయం ముందు జరిగిపోయి అదృష్టం తర్వాత వస్తే సర్దుకోవడానికి ఏమీ మిగలదు. దీనికి పల్నాటి చరిత్రలోనే ఉదాహరణ ఉంది. 12వ శతాబ్దిలో గురజాల, మాచర్ల రాజ్యాల పోరు ఒక కోడిపందెం దాకా వెళ్లింది. ఓడిన పక్షం ఏడేళ్లు రాజ్యం విడిచి పోవాలని ఒప్పందం. మాచర్ల మంత్రి బ్రహ్మనాయుడి పక్షం ఓడింది, అక్కడి రాజు మలిదేవుడి పరివారం వలస పోయింది, చివరికి కారంపూడి యుద్ధం వచ్చింది. కారంపూడిలో ఏటా కార్తిక మాసంలో జరిగే వీరుల ఉత్సవాల్లో ఒక రోజు పేరే కోడిపోరు. గురజాల మంత్రి నాగమ్మ పక్షం మోసం చేసిందని కథకులు చెబుతారు. ఆ మోసం సంగతి పక్కన పెట్టినా, ఒక్కసారి మాత్రమే జరిగే పరీక్ష మీద, మాట ఇచ్చాక తిరిగి సర్దుకోవడానికి వీలు లేని పందెం మీద రెండు రాజ్యాల భవిష్యత్తు పెట్టడం కొలమానం దృష్ట్యా అతి బలహీనమైన ఏర్పాటు.

అదృష్టం, నేర్పు అన్న విభజన మన దేశంలో న్యాయస్థానాల దాకా వెళ్లింది. 1967లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ సత్యనారాయణకూ మధ్య వ్యాజ్యంలో, సికింద్రాబాదులోని ఒక క్లబ్బులో జరిగిన పేకాట గురించి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పడిన ముక్కలను గుర్తుపెట్టుకోవడానికీ, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తేల్చుకోవడానికీ నేర్పు కావాలి కనుక రమ్మీ ప్రధానంగా నేర్పు ఆటేనని న్యాయమూర్తులు భావించారు. మూడు ముక్కలాటను మాత్రం కేవలం అదృష్టం కిందే కట్టారు. 2020లో రాష్ట్ర ప్రభుత్వం జూద చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ రమ్మీని కూడా నిషేధించింది. చట్టానికి అవుననో కాదనో ఒక జవాబు కావాలి. విజ్ఞానానికి కావలసింది అంకె. నేర్పరి నేర్పు లేనివారిని వంద ఆటల్లో ఎన్నిసార్లు ఓడిస్తాడన్నదే ఆ అంకె.

వంద అని ఊరికే అనలేదు. సరిసమానులైన ఇద్దరు 20 ఆటలు ఆడితే, వారిలో ఫలానావారు 12 లేక అంతకంటే ఎక్కువ ఆటలు కేవలం యాదృచ్ఛికంగా గెలిచే అవకాశం 25 శాతం. అదే వంద ఆటల్లో 60 లేక అంతకు పైన గెలిచే అవకాశం మూడు శాతం లోపే. రెండు చోట్లా గెలుపు శాతం అరవయ్యే, కానీ రెండో దాన్నే సాక్ష్యంగా తీసుకోవాలి. పండగ సెలవుల్లో ఆడిన పది ఆటలు చూసి ఫలానావాడికి చేయి తిరిగిందని చెప్పే తీర్పులకు శాస్త్రం ఒప్పుకోదు.

ఇక కష్టం. ఈ ఒక్క మాట కింద మనం రెండు వేర్వేరు రాశులను దాచుకుంటున్నాం. ఆట మొదలుపెట్టడానికి గుర్తుపెట్టుకోవలసిన నిబంధనల బరువు ఒకటి. ఆ నిబంధనలు వచ్చాక కూడా ఎన్నేళ్లు నేర్చుకోవచ్చన్న లోతు రెండోది. బరువు ఎక్కువగా ఉన్నంత మాత్రాన లోతు ఉన్నట్టు కాదు. ఈ మధ్య నగరాల్లో దొరికే విదేశీ వ్యూహ క్రీడల్లో కొన్నింటికి నిబంధనల పుస్తకం పదుల పేజీలు ఉంటుంది. ఒకటి రెండు నెలలు ఆడేసరికి కొత్తగా ఆలోచించవలసింది అయిపోతుంది. తక్కువ బరువుతో ఎక్కువ లోతు ఇచ్చేదే నా లెక్కలో ఉత్తమమైన ఆట.

లోతును కొలవడానికి చదరంగం ఒక దారి చూపింది. హంగరీలో పుట్టి అమెరికాలో భౌతికశాస్త్రం బోధించిన అర్పాడ్ ఎలో రూపొందించిన రేటింగు పద్ధతిని ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడే 1970లో స్వీకరించింది. ఆ పద్ధతిలో ఇద్దరి మధ్య 200 పాయింట్ల తేడా ఉంటే పైవారికి నూటికి 76 వంతుల ఫలితం రావాలి. 400 తేడా ఉంటే 91. ఇలా 200 పాయింట్లను ఒక మెట్టుగా తీసుకుంటే, ఓనమాలు దాటిన పోటీదారుడు సుమారు 1000 దగ్గర ఉంటాడు, 2014లో అప్పటి ప్రపంచ విజేత మాగ్నస్ కార్ల్‌సన్ అందుకున్న రేటింగు 2882. నడుమ తొమ్మిది మెట్లు. ప్రతి మెట్టు మీదివారూ కింది మెట్టువారి మీద నాలుగింట మూడు వంతుల ఫలితం రాబట్టగలరు. ఆ మెట్లు ఎక్కినవారు ఈ ప్రాంతానికీ తెలుసు. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడే దాకా దాని కేంద్రమైన నరసరావుపేట గుంటూరు జిల్లాలోనిదే. ఆ గుంటూరు నుంచే పెంటేల హరికృష్ణ 2016లో ప్రపంచంలోని మొదటి పదిమందిలోకి ఎక్కాడు, ద్రోణవల్లి హారిక గ్రాండ్‌మాస్టరు అయింది. ఆ నిచ్చెన ఎంత పొడుగో ఈ ప్రాంతానికి కొత్తగా చెప్పనక్కరలేదు. అష్టా చెమ్మాకు ఇలాంటి రేటింగు కడితే మెట్లు చాలా తక్కువే వస్తాయి. పై మెట్టువారిని గవ్వలు తరచూ కిందికి లాగుతుంటాయి కనుక నాలుగింట మూడు గెలుపులన్న తేడా రావడమే కష్టం.

లోతుకు ఇంకో కొలత ఆటలో ఏర్పడగల అమరికల సంఖ్య. దాడి తీసుకోండి. ఒకదానిలో ఒకటిగా మూడు చతురస్రాలు, 24 బిందువులు, తొమ్మిదేసి కాయలు. మూడు కాయలు వరసలో పడితే దాడి. ఎదుటివారి కాయ ఒకటి తీసేయవచ్చు. యూరప్‌లోనూ శతాబ్దాలుగా ఉన్న ఈ ఆటను 1993లో స్విట్జర్లాండులో రాల్ఫ్ గాసర్ కంప్యూటరుతో పూర్తిగా ఛేదించాడు. దాదాపు 770 కోట్ల అమరికలను తరచి చూస్తే, ఇద్దరూ తప్పు చేయకుండా ఆడితే ఆట ఎటూ తేలదని తేలింది. మన వామన గుంటలకు దగ్గరి చుట్టమైన ఆఫ్రికా ఆట ఆవారిని 2002లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జాన్ రోమైన్, హెన్రీ బాల్ ఛేదించారు. అక్కడ అమరికలు 88,900 కోట్ల పైన. ఫలితం అదే, డ్రా. నేపాలీల బాఘ్-చాల్ 25 బిందువుల మీద నాలుగు పులులు, 20 మేకలతో ఆడేది. లిమ్ యూ జిన్, యుర్గ్ నీవర్‌గెల్ట్ దాన్నీ డ్రా అని తేల్చారు.

మన పులి-మేక బాఘ్-చాల్‌కు తోబుట్టువు. గీతలూ లెక్కలూ ఊరిని బట్టి మారతాయి. తెలుగు, తమిళ ప్రాంతాల్లో ఎక్కువగా కనిపించే పటం శిఖరం నుంచి దిగే గీతలతో, వాటిని కోసే అడ్డ గీతలతో 23 బిందువులుగా ఉంటుంది. పులులు మూడు, మేకలు పదిహేను. మేకల పక్షం వంతుకొక మేకను దింపుతుంది. అన్నీ దిగేదాకా మేకలు కదలకూడదు. పులి గీత వెంట పక్క బిందువుకు జరుగుతుంది, లేదా మేక వెనక బిందువు ఖాళీగా ఉంటే దాని మీదుగా దూకి దాన్ని చంపుతుంది. పులులన్నీ కదలలేకుండా కట్టుబడితే మేకల గెలుపు.

నిబంధనలు అంతే, బడి పిల్లలు ఐదు నిమిషాల్లో అప్పజెప్పగలరు. లోతు చూడండి. మూడు పులులను 23 బిందువుల మీద 1,771 తీరుల్లో పెట్టవచ్చు. మిగిలిన 20 బిందువుల్లో సున్నా నుంచి పదిహేను మేకల దాకా నిలిచే తీరులు 10,42,380. రెండూ హెచ్చవేస్తే 184 కోట్ల 60 లక్షల పైచిలుకు అమరికలు. సుద్దగీతల మీద గులకరాళ్లతో ఆడే ఆటలో ఇన్ని ఇమిడి ఉన్నాయని తెలిసినప్పుడు నాకు కలిగిన గౌరవం ఇప్పటికీ తగ్గలేదు.

మంచి ఆటగాళ్లు ఈ కోట్లను లెక్కపెట్టుకుంటూ ఆడరు. 1973లో విలియం చేజ్, హెర్బర్ట్ సైమన్ చదరంగ క్రీడాకారుల మీద చేసిన ప్రయోగం ఈ సంగతిని స్పష్టం చేసింది. నిజమైన ఆటలోని అమరికను ఐదు సెకన్లు చూపి తీసేస్తే నిపుణులు చాలా పావులను తిరిగి పెట్టగలిగారు. అవే పావులను ఎలా పడితే అలా చల్లి చూపిస్తే నిపుణుల ఆధిక్యం దాదాపు మాయమైంది. నిపుణుల బుర్రలో ఉన్నవి విడివిడి పావులు కావు, కలిసికట్టుగా నిలిచే కూటములు. పులి-మేకలోనూ అంతే. గీతలు ముగిసే మూలలో నిలిచిన మేకను ఏ పులీ చంపలేదు, ఎందుకంటే దాటి దిగడానికి అవతల బిందువే లేదు. ఒకే గీత మీద వెనకా ముందూ నిలిచిన రెండు మేకలు ఆ గీత వెంట ఒకదానికొకటి కాపు. ఇలాంటి కూటములు కొన్ని కంటికి అలవాటైతే ఆట కష్టం అనిపించడం తగ్గుతుంది, లోతు మాత్రం తరగదు.

నేర్పడంలో సులువును నేను రెండు ప్రశ్నలతో కొలుస్తాను. మొదటి ఎత్తుకు ముందు ఎంత చెప్పాలి? తప్పు చేస్తే ఆ తప్పు ఎంత త్వరగా కనిపిస్తుంది? చదరంగంలో ఆరు రకాల పావులు, కోట కట్టడం, బంటు మార్పు అన్నీ చెప్పాక గాని పూర్తి ఆట మొదలుకాదు. విద్యా మనస్తత్వవేత్త జాన్ స్వెల్లర్ 1988 నుంచి చెబుతూ వచ్చిన జ్ఞాపకభారం సరిగ్గా ఇదే. మనసు ఒకేసారి పట్టుకోగలిగినది కొద్ది. దానంతటినీ నిబంధనలే ఆక్రమిస్తే ఆలోచనకు చోటుండదు. వామన గుంటల్లో ఈ బరువు చాలా తక్కువ. గింజలు ఒక్కొక్కటిగా పంచుకుంటూ పోయే చేతి కదలికలోనే సగం నిబంధనలు ఉన్నాయి, కూడికలూ తీసివేతలూ వాటితో పాటే వస్తాయి.

రెండో ప్రశ్న దగ్గర అదృష్టం మళ్లీ అడ్డొస్తుంది. అష్టా చెమ్మాలో ప్రత్యర్థికి రెండు గళ్ల ముందు కాయను నిలిపిన పిల్లవాడు తప్పు చేశాడు. అయినా 16లో 10 సార్లు ఆ కాయ బతికి బయటపడుతుంది, తాను చేసింది సరైనదేనని వాడు నేర్చుకుంటాడు. ఐదు గళ్ల దూరంలో నిలిపిన పిల్ల సరిగ్గా ఆడింది; ఎప్పుడో 64లో ఒకసారి ఆమె కాయ చస్తుంది, ఆ ఒక్కసారే ఆమెకు గుర్తుండిపోతుంది. గవ్వలు మంచి ఎత్తుకు శిక్షనూ చెడ్డ ఎత్తుకు బహుమతినీ ఇస్తుంటే పాఠం అందడానికి చాలా ఆటలు పడతాయి. అమ్మమ్మ మీద చిన్నపిల్ల మొదటి రోజే గెలవగలగడం అష్టా చెమ్మాలోని అందం. ఆ అందానికి చెల్లించే మూల్యం ఈ ఆలస్యమే. పులి-మేకలో వెనక ఖాళీ వదిలి మేకను పెడితే మరుక్షణమే పులి దూకుతుంది, మేక పటం మీంచి పోతుంది. ఏ బిందువు ఖాళీగా వదిలినందుకు పోయిందో పిల్లలు వేలు పెట్టి చూపగలరు. దాడిలో తప్పు బయటపడడానికి మూడు నాలుగు ఎత్తులు పడుతుంది, చదరంగంలో ఒక్కోసారి ఇరవై.

రెండు పక్షాలూ ఒకేలా లేకపోవడం పులి-మేకలోని మరో సౌలభ్యం. మేకలను నడపడానికి ముందుచూపు ఎక్కువ కావాలి, పులికి అవకాశం కనిపెట్టే చురుకు చాలు. అందుకే కొత్తవారికి పులులిచ్చి తెలిసినవారు మేకలు పట్టడం మంచి బోధన పద్ధతి. కొత్తవారు కొంత ఆరితేరాక పక్షాలు మార్చుకోవచ్చు. ఇద్దరి స్థాయిలో తేడా ఉంటే ఒకటో రెండో మేకలను కలిపో తీసో సరిచేయవచ్చు. అదృష్టాన్ని తీసుకురాకుండానే బలహీనుడికి గెలుపు అవకాశమిచ్చే ఏర్పాటు ఇది. నా మూడు కొలమానాల్లోనూ ఈ ఆటను పైన నిలబెట్టింది ఈ గుణమే.

అయితే పక్షాలు అసమానంగా ఉన్న ఆటలో న్యాయం ఎక్కడుందో కూడా తేలాలి. ఎన్ని మేకలు చస్తే పులి గెలిచినట్టు అన్న అంకె మీద అంతా ఆధారపడి ఉంది. ఆ అంకె మరీ చిన్నదైతే పులిది సులువైన గెలుపు, మరీ పెద్దదైతే మేకలది. బడిలో దీన్ని పరీక్షించడానికి ఒక నోటుపుస్తకం చాలు. ఒకే జంట ఒక ఆట పులితో, మరో ఆట మేకలతో ఆడాలి. పక్షం, చచ్చిన మేకలు, ఎత్తుల సంఖ్య, ఫలితం రాసుకోవాలి. వంద ఆటలు చేరేసరికి ఏ పక్షం ఎంత మొగ్గుతోందో కనిపిస్తుంది.

కంప్యూటరుకు ఈ ఆటను ఛేదించడం పెద్ద పని కాదు. మేకలన్నీ దిగిన తర్వాతి దశలో వంతు ఎవరిదన్నది కూడా కలుపుకుంటే అమరికలు 369 కోట్లు. ఒక్కో అమరికకు గెలుపా, ఓటమా, డ్రానా అని రాయడానికి రెండు బిట్లు చాలు, మొత్తం ఒక గిగాబైటు లోపే. మేకలు దింపే దశను దాని మీద ఆధారపడి వెనక నుంచి ముందుకు లెక్కకట్టుకుంటూ రావచ్చు. 1993లో గాసర్‌కు ఎంతో శ్రమ అయిన రకం లెక్క ఈ రోజు నరసరావుపేట ఇంజనీరింగ్ విద్యార్థి చేతిలోని ల్యాప్‌టాప్‌కు అందుతుంది. దానికి ముందు చేయవలసిన పని మాత్రం కంప్యూటరు చేయలేనిది. మాచర్ల నుంచి వినుకొండ దాకా పల్లెల్లో ఈ ఆట ఆడిన పెద్దల దగ్గరికి వెళ్లి, వారి పటంలో గీతలెన్నో, మేకలెన్నో, ఎన్ని మేకలు చస్తే పులి గెలిచినట్టో అడిగి, ఏ ఊరిది ఆ ఊరి పేరుతో రాసుకోవాలి.